చల్క నేల జమాఖర్చు

శంషాబాద్ చుట్టుపక్కల ఎకరం రెండెకరాల సేద్యం మిగిలినవాళ్లకూ, నగరంలో ఉద్యోగం చేస్తూ ఇటువైపు పది గుంటలు కొని కూరగాయలు పండించుకోవాలనుకునేవాళ్లకూ మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే. యూరియా చల్లాలా, పెంట తోలాలా? ఒకవైపు వాళ్లు యూరియా నేలను చంపేస్తుందంటారు, రెండోవైపు వాళ్లు పెంటతో పంట పండదంటారు. వినేవాడు ఏదో ఒక పక్షం ఎంచుకుంటాడు. ఈ అధ్యాయం చెప్పదలచుకున్నది, అక్కడ పక్షాలే లేవని. ఎరువు పైరును పెంచుతుంది. పైరు తన వేళ్లతో, ఆకులతో, కొయ్యలతో నేలలో సేంద్రియ కర్బనాన్ని నింపుతుంది. ఆ కర్బనం మరుసటి ఏడు నీళ్లనూ పోషకాలనూ పట్టి ఉంచుతుంది. ఈ గొలుసులో ఏ లంకె తెగినా మిగతావి పనిచేయవు. కాబట్టి వేసే ఎరువు దేశీదా, సంచిలో వచ్చిందా అన్నదాని కంటే, ఏడాది మొత్తం మీద మన చెలకలో ఎంత పచ్చదనం పెరిగింది, అందులో ఎంత మళ్లీ మట్టిలోకి పోయింది అన్నదే అసలు లెక్క.

ముందు నేల సంగతి చూద్దాం. ఈ ప్రాంతంలో ఎక్కువగా కనిపించేది ఎర్ర చల్క. పైన ఇసుక పాలు ఎక్కువ, బంకమన్ను తక్కువ. వాన పడితే పైన పొరకట్టి గట్టిపడుతుంది, ఎండితే కర్రు దిగదు. భూసార పరీక్ష పత్రంలో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అని రాస్తారు. మన చల్కల్లో చాలావరకు ఆ తక్కువ గడిలోనే పడతాయి. ఎకరంలో పైన పదిహేను సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 900 టన్నులు. అంటే 0.4 శాతం ఉన్న ఎకరంలో కర్బనం మూడున్నర టన్నుల పైచిలుకు. దాన్ని 0.5 చేయాలంటే ఇంకో 900 కిలోలు నిలబెట్టాలి. ఇక్కడ ‘నిలబెట్టడం’ అన్న మాట ముఖ్యం. ఎకరానికి నాలుగు టన్నుల పశువుల ఎరువు తోలితే, సగం తేమ పోను, అందులో కర్బనం దాదాపు 600 కిలోలు. మన ఎండకూ తొలకరి తడికీ సూక్ష్మజీవులు అందులో ఎనభై తొంభై శాతాన్ని కొన్నేళ్లలో తిని గాలిలోకి వదిలేస్తాయి. మిగిలేది అరవై నుంచి నూట ఇరవై కిలోలు. ఈలోగా నేలలో పాతగా ఉన్న కర్బనంలోనూ ఏటా రెండు మూడు శాతం, అంటే డెబ్బై నుంచి నూరు కిలోలు, కరిగిపోతూనే ఉంటుంది. నాలుగు టన్నులు తోలిన రైతు నేలను బాగుచేశానని అనుకుంటాడు, నిజానికి అది ఉన్నచోటనే నిలిచి ఉంటుంది. అయినా అది చిన్న విషయం కాదు. తోలనివాడి నేల కిందికి జారుతోంది.

ఈ లెక్క కాగితం మీద వేసిందే కదా అనిపించవచ్చు. పొలంలో వేసిన లెక్కా ఉంది. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థను అందరూ క్రీడా అని పిలుస్తారు. దాని శాస్త్రవేత్తలు అనంతపురం ఎర్రనేలల్లో వేరుశనగ మీద ఇరవై ఏళ్లు నడిచిన ప్రయోగాన్ని విశ్లేషించి, నేలలో కర్బనం ఉన్న స్థాయి నుంచి పడిపోకుండా ఉండాలంటేనే హెక్టారుకు ఏటా దాదాపు 1.1 టన్నుల కర్బనం మట్టిలో పడాలని తేల్చారు. ఎకరానికి అది సుమారు 450 కిలోలు. పైన వేసిన లెక్కా ఇంచుమించు అక్కడికే వచ్చింది. అయితే ఈ 450 కిలోలన్నీ బండి మీద తోలి తేవాల్సినవి కావు. పంట వేళ్లూ రాలిన ఆకులూ అందులో భాగమే. పైరు ఎంత బలంగా పెరిగితే, బయటినుంచి తేవాల్సినది అంత తగ్గుతుంది. సంచి ఎరువు ఈ కథలోకి వచ్చేది సరిగ్గా ఇక్కడే.

దిగుబడీ కర్బనమూ ఒకటేనన్న భ్రమను మొదట వదిలించుకోవాలి. ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ అనే చోట 1843 నుంచి ఒకే పొలంలో గోధుమ వేస్తున్నారు. ఒక మడికి ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు, ఇంకో మడికి రసాయన ఎరువులు, మరొకదానికి ఏమీ లేదు. చాలాకాలం రసాయన ఎరువుల మడీ పశువుల ఎరువు మడీ దాదాపు సమానంగా పండాయి. కానీ పశువుల ఎరువు పడిన మట్టిలో కర్బనం రెండింతలకు మించింది. రసాయన ఎరువు పడిన మడిలో అది ఏమీ వేయని మడి కంటే కాస్తే ఎక్కువ. మొదటి సంగతి, పైరుకు కావలసిన పోషకం ఏ రూపంలో అందినా పంట వస్తుంది. రెండోది, కర్బనం పేరుకోవాలంటే కర్బనమే పడాలి. అయితే రసాయన ఎరువు ఒక్కటే వేసినా కర్బనం తగ్గలేదన్నది చాలామంది గమనించని మూడో సంగతి. పైరు పెరిగినందువల్ల వేళ్లూ కొయ్యలూ పెరిగాయి, ఆ కాస్త లాభం వాటిదే. ఆ చల్లటి దేశం లెక్క మనకు అలాగే వర్తించదు. మన దగ్గర కుళ్లడం ఎంతో వేగం. దిశ మాత్రం అదే.

ఆ దిశకు మన ముంగిట్లోనే రుజువుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో 1976లో నల్లరేగడిలో రెండు పద్ధతులను పక్కపక్కన మొదలుపెట్టారు. ఒకటి పాత పద్ధతి. వానకాలం నేలను బీడు పెట్టి, యాసంగిలో జొన్నో శనగో వేసి, ఏడాది విడిచి ఏడాది హెక్టారుకు 10 టన్నుల పశువుల ఎరువు తోలడం. రెండోది ఎత్తుమడులు చేసి, వానకాలం నుంచే జొన్న, కంది వంటి పంటలను కలిపి వేసి, రసాయన ఎరువులు ఇవ్వడం. ఇరవై నాలుగేళ్ల సగటు చూస్తే కొత్త పద్ధతిలో గింజ దిగుబడి హెక్టారుకు నాలుగున్నర టన్నులు దాటింది, పాత పద్ధతిలో టన్ను దరిదాపుల్లోనే ఉండిపోయింది. ఆశ్చర్యం అది కాదు. పశువుల ఎరువు పడని రెండో పొలంలోనే, మొదటిదాని కంటే ఏటా హెక్టారుకు సుమారు 335 కిలోల కర్బనం ఎక్కువగా నిలిచింది. పెంటకుప్ప చేయలేని పనిని ఏడాది పొడవునా నేలను కప్పి ఉంచిన పైరు వేళ్లు చేశాయి. వేరు కర్బనం పైన పరిచిన చెత్తలాగా త్వరగా పోదు. మట్టి రేణువుల సందుల్లోకి అది నేరుగా చేరుతుంది కాబట్టి రెండింతలకు పైగా నిలుస్తుందని శాస్త్రవేత్తల అంచనా. దీన్ని పశువుల ఎరువు పనికిరాదనడానికి సాక్ష్యంగా వాడితే పొరపాటే. పొలాన్ని ఖాళీగా ఉంచి తోలిన ఎరువు, పైరు లేని లోటును తీర్చలేదన్నదే దాని అర్థం.

యూరియా మట్టిలోని కర్బనాన్ని కాల్చేస్తుందన్న వాదనను తేలిగ్గా కొట్టేయకూడదు. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలోని మారో ప్లాట్లు 1876 నాటివి. అక్కడి ఫలితాల ఆధారంగా 2007లో కొందరు శాస్త్రవేత్తలు ఇదే మాట అన్నారు. నత్రజని అందితే సూక్ష్మజీవులు చురుకై పాత కర్బనాన్ని తినేస్తాయని వాళ్ల తర్కం. తర్వాత ప్రపంచంలోని అనేక దీర్ఘకాల ప్రయోగాలను కలిపి చూసినవాళ్లు, సాగులో కర్బనం తగ్గడం నిజమే గానీ నత్రజని పడని మడుల్లో ఇంకా ఎక్కువగా తగ్గిందని చూపారు. దీనికి ఒక లోతైన కారణం ఉంది. మట్టిలో నిలిచే సేంద్రియ పదార్థంలో ప్రతి పన్నెండు పాళ్ల కర్బనానికీ దాదాపు ఒక పాలు నత్రజని ఉంటుంది. మనం అనుకున్న ఆ 900 కిలోలు నిలవాలంటే వాటితోపాటు 75 కిలోల నత్రజని కూడా అందులో చేరి కూర్చోవాలి. అంటే మూడున్నర బస్తాల యూరియాలో ఉన్నంత. కొంత భాస్వరం, కొంత గంధకం కూడా కావాలి. నత్రజని లేకుండా జొన్న సొప్పనూ వరిగడ్డినీ మట్టిలో కలిపితే అవి ఉత్తగా ఆవిరైపోతాయి, పైగా కుళ్లేటప్పుడు పైరు నోటి దగ్గర నత్రజనిని లాక్కుంటాయి. గడ్డి కలిపిన మడి మొదట్లో పసుపుపచ్చగా తేలేది ఇందుకే.

యూరియా చేసే నిజమైన చెడు వేరే ఉంది. అది ఒక్కటే పడటం. హిమాచల్‌లోని పాలంపూర్‌లో 1972 నుంచి సాగుతున్న ప్రయోగంలో ఒక్క నత్రజనే వేసిన మడులు ఆమ్లత్వం పెరిగి, చివరికి గింజ కూడా ఇవ్వని స్థితికి చేరాయి. మన చల్కలు అంత ఆమ్లం కావు కాబట్టి ఆ గతి అంత త్వరగా పట్టదు. కానీ మన దగ్గర ఇంకో దారిలో అదే నష్టం జరుగుతోంది. శంషాబాద్ దాటి హైవే పట్టుకుంటే వచ్చే పాలమూరు జిల్లాలోనూ, నల్లగొండ, కర్నూలు జిల్లాల్లోనూ ఇక్రిశాట్ మట్టి నమూనాలు తీయించినప్పుడు, చాలా చెలకల్లో గంధకం, బోరాన్, జింకు కరువని తేలింది. ఆ మూడూ ఇచ్చిన పొలాల్లో దిగుబడి స్పష్టంగా పెరిగింది. వాళ్లు వాడిన మోతాదును ఎకరానికి మార్చుకుంటే 80 కిలోల జిప్సం, 20 కిలోల జింకు సల్ఫేట్, 2 కిలోల బోరాక్స్. జింకు, బోరాక్స్ ఏటా అక్కర్లేదు. రెండు మూడు బస్తాల యూరియా పోసి, ఈ చిన్న లోటును వదిలేసిన చెలకలో పైరు పెరగదు. పెరగని పైరు కర్బనమూ ఇవ్వదు. మిగిలిపోయిన నత్రజని మాత్రం బోరు నీళ్లలోకి దిగుతుంది.

ఇటు ప్రకృతి సేద్యం చేసేవాళ్ల అనుభవాన్నీ నేను గౌరవిస్తాను. అయితే అందులో ఏది పనిచేస్తోందో విడదీసి చూడాలి. ఎకరానికి ఇచ్చే 200 లీటర్ల జీవామృతంలో పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి ఉంటాయి. మొత్తం కలిపినా కర్బనం మూడు నాలుగు కిలోలకు మించదు. ఏటా 450 కిలోలు అడిగే నేలకు అది ఆహారం కాలేదు. ఆ పొలాల్లో నేల మారుతోందంటే, ఎండాకాలంలోనే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచడం, ఆకు పరచడం, పంట మీద పంట కలిపి వేయడం వల్ల మారుతోంది. ఆ పనులన్నీ ఎవరైనా చేయవచ్చు, యూరియా వాడేవాళ్లూ చేయవచ్చు. ఏ కుండలో ఏం కలిపారన్నదాని మీద కంటే వాటి మీద శ్రద్ధ పెట్టమని నా విన్నపం.

ఇక వేటిని తెచ్చుకోవాలి? 2008 మార్చిలో ఇక్కడ ఐదున్నర వేల ఎకరాల్లో విమానాశ్రయం మొదలయ్యాక చుట్టూ భూమి తీరు మారిపోయింది. కొట్టాలు తగ్గాయి, పెంటకుప్పలూ తగ్గాయి. ఈ పక్క పుష్కలంగా దొరికేది కోళ్ల ఎరువు. షాద్‌నగర్, చేవెళ్ల, మొయినాబాద్ వైపు కోళ్లఫారాలు ఎన్నో. పశువుల ఎరువులో నత్రజని అర శాతమైతే కోళ్ల ఎరువులో దాదాపు మూడు శాతం. అర టన్ను కోళ్ల ఎరువులో ఉన్న నత్రజని మూడు టన్నుల పెంటలో ఉన్నదానికి దగ్గర. అందుకే అది సగం సేంద్రియం, సగం సంచి ఎరువులాంటిది. ఆ ఏడే పంటకు పనికొస్తుంది గానీ కర్బనం మాత్రం అంతగా నిలపదు. పచ్చిది వేస్తే మొలక మాడిపోతుంది. ఏటా అదే పోస్తే భాస్వరం పేరుకుని జింకును పైరుకు అందకుండా చేస్తుంది. రంపపు పొట్టుతోనో ఎండుటాకుతోనో కలిపి, తడిపి, కప్పి, రెండు మూడు నెలలు మాగబెట్టి వేయాలి. కప్పడం ఇక్కడ ఇంకో కారణానికీ తప్పనిసరి. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో పక్షులను ఆకర్షించే చెత్తాచెదారం బయట వేయకూడదని విమాన నిబంధనలు చెబుతాయి. చచ్చిన కోళ్లు కలిసిన ఎరువును రోడ్డు పక్కన కుప్ప పోస్తే గద్దలు దిగుతాయి. అది పైనున్న ప్రాణాలతో ముడిపడ్డ సంగతి.

చల్కకు అన్నిటికంటే మేలు చేసేది మన పెద్దలు తోలిన చెరువు మట్టే. అందుకు కారణం తెలిస్తే దాని విలువ ఇంకా పెరుగుతుంది. కర్బనం మట్టిలో ఊరికే నిలవదు, బంకమన్ను రేణువులకు అంటుకుని సూక్ష్మజీవుల నోటికి అందకుండా దాక్కుంటుంది. నల్లరేగడిలో ఆ చోటు చాలా ఉంది, ఇసుక పాలు ఎక్కువైన చల్కలో లేదు. పూడిక మట్టి తోలినప్పుడు మనం కర్బనంతోపాటు అది తలదాచుకునే ఇంటినీ తెస్తున్నాం. పెంట ప్రభావం రెండు మూడేళ్లలో సన్నగిల్లినా, బంకమన్ను ఎక్కడికీ పోదు. ఎకరంలో ఒక్క సెంటీమీటరు మందం పరవాలంటే 40 ఘనపు మీటర్లు కావాలి. నూరు ఘనపుటడుగులు పట్టే ట్రాలీలతో పద్నాలుగు పదిహేను ట్రిప్పులు. ఇసుక చెలకకు ఇంకా ఎక్కువ కూడా పడుతుంది. ఏటా కొంత చొప్పున నాలుగైదేళ్లకు పరచుకోవచ్చు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి పొలాలకు తోలారు. ఆ అవకాశాన్ని వాడుకున్న చెలకలు ఇప్పటికీ తేమ పట్టే తీరు వేరు. ఒక్క హెచ్చరిక. చెరువును ఎంచుకోవాలి. శంషాబాద్‌కు నగరం వైపున ఉన్న కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం వంటి లోహాలు మోతాదుకు మించి ఉన్నాయని శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఫ్యాక్టరీ నీళ్లూ డ్రైనేజీ నీళ్లూ కలిసే చెరువు పూడికను లోహాల పరీక్ష చేయించకుండా పొలంలోకి రానివ్వకండి. బంకమన్ను కర్బనాన్ని పట్టుకున్నట్టే సీసాన్నీ పట్టుకుంటుంది. ఆ తర్వాత దాన్ని తీసేసే దారి లేదు.

మూడోది గట్లమీదే పెరిగేది. విజయవాడ రోడ్డులోని హయత్‌నగర్ దగ్గర క్రీడా పరిశోధన క్షేత్రం నేల కూడా మనదిలాంటి ఎర్రచల్కే. అక్కడ జొన్న, పెసర మీద ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాల్లో బాగా నిలిచిన పద్ధతులు రెండూ కలగలుపువే: హెక్టారుకు నాలుగు టన్నుల కంపోస్టుతో 20 కిలోల నత్రజని, లేదా రెండు టన్నుల గ్లిరిసిడియా మండలతో 20 కిలోల నత్రజని. గిరిపుష్పం అని పిలిచే ఈ గ్లిరిసిడియా మొక్కలను గట్ల వెంట అర మీటరుకొకటి నాటితే, 700 మీటర్ల గట్టు మూడో ఏటి నుంచి హెక్టారుకు ఏటా 30 కిలోల దాకా నత్రజని ఇవ్వగలదని ఇక్రిశాట్ లెక్క. ఆకు లేతది, త్వరగా కుళ్లుతుంది, కాబట్టి కర్బనం కంటే నత్రజని కోసమే దాన్ని చూడాలి. కర్బనం కోసం పత్తి కట్టె, కంది కట్టె ఉన్నాయి. వాటిని పొలంలో కాల్చేస్తున్నాం. గాలి తగలకుండా డ్రమ్ములో కాల్చి బయోచార్ చేస్తే, కట్టెలోని కర్బనంలో సగం దాకా దశాబ్దాలపాటు మట్టిలో ఉండే బొగ్గవుతుంది. అయితే బయోచార్‌తో దిగుబడి బాగా పెరిగిన ప్రయోగాలు ఎక్కువగా ఆమ్ల నేలల్లోవి. మన నేలల్లో అది ఒక్కటే వేస్తే పెద్దగా పంట పెరుగుతుందని ఆశించకూడదు. పెంటలో కలిపి మాగబెట్టి వేస్తే పోషకాలు పట్టుకునే సంచిలా ఉపయోగపడుతుంది. మట్టిలో కర్బనం నిలిపినందుకు ఇస్తామనే కార్బన్ క్రెడిట్ల డబ్బు మాట వింటున్నవాళ్లు, ఆ డబ్బు చేతికి వచ్చాకే దాన్ని లెక్కలో రాసుకోవడం మంచిది.

కర్బనం పెంచినంత మాత్రాన దిగుబడి ఎంత పెరుగుతుంది? ఇక్కడ ఉత్సాహానికి కొంచెం కళ్లెం వేయాలి. క్రీడా విశ్లేషణల్లో వేళ్లుండే పొరలో హెక్టారుకు ఒక టన్ను కర్బనం పెరిగితే వేరుశనగ 13 కిలోలు, జొన్న 90, సజ్జ 170 కిలోల చొప్పున పెరిగాయి. ఒక టన్ను కర్బనం నిలపడానికి పట్టే ఏళ్లు చూస్తే, ఒక్క దిగుబడి కోసమే ఇది లాభసాటి అనలేం. లాభం ఇంకోచోట ఉంది. పరీక్ష పత్రంలో కనిపించని లాభం అది. వాన ఇరవై రోజులు మొహం చాటేసిన ఏట పైరు తట్టుకోవడం, ఇచ్చిన యూరియా కొట్టుకుపోకుండా పైరుకే అందడం, పైపొర గట్టిపడక మొలక సులువుగా రావడం. మొక్కజొన్న, గోధుమ మీద ప్రపంచవ్యాప్త లెక్కల ప్రకారం నేలలో కర్బనం రెండు శాతం చేరేదాకా దిగుబడి పెరుగుతూ పోయి ఆ తర్వాత నిలుస్తుంది. మనం ఇంకా అరశాతం దగ్గరే ఉన్నాం. పెంచే ప్రతి కాస్తా పనికొచ్చే చోటే ఉన్నాం.

కూరగాయలు వేసేవాళ్లకు దుక్కి గురించి ఒక మాట. గుడిమల్కాపూర్ మార్కెట్ కోసం ఏడాదికి మూడు పంటలు తీసే మడిని రొటావేటర్‌తో ఐదారుసార్లు పిండి చేస్తే, తోలిన పెంటంతా సూక్ష్మజీవులకు పళ్లెంలో వడ్డించినట్టే. అలాగని దుక్కి మొత్తం మానేయమనను. హయత్‌నగర్ ప్రయోగాల్లోనే ఎర్రచల్క గట్టిపడటం వల్ల, కలుపు వల్ల, తక్కువ దుక్కి మడులు మొదటి ఏళ్లలో తక్కువే పండాయి. పైన ఆకో కొయ్యో పరిచి, దుక్కిని సగానికి తగ్గించి, పంటకూ పంటకూ మధ్య నలభై ఐదు రోజులు దొరికితే జనుమో జీలుగో చల్లి పూతకు ముందే కలియదున్నడం నడిమి దారి.

కౌలుకు చేసేవాళ్లు అడిగే ప్రశ్నకు మాత్రం తేలికైన సమాధానం లేదు. వచ్చే ఏడు వెంచర్ అవుతుందో, వేరే చేతికి పోతుందో తెలియని భూమిలో చెరువు మట్టి ఎందుకు తోలాలి? తోలనక్కర్లేదు. ఒకే ఏడు చేతిలో ఉండే నేలకు జిప్సం, జింకు, మాగిన కోళ్ల ఎరువు, గట్ల మీది ఆకు చాలు. పెట్టిన డబ్బు ఆ పంటలోనే తిరిగొస్తుంది, బలమైన పైరు వేళ్లు నేలకు చేసే మేలు ఎలాగూ చేస్తాయి. చెరువు మట్టి, బయోచార్ ఖర్చు భూమి యజమానిది, కౌలు మాట్లాడుకునేటప్పుడే ఆ మాట తేల్చుకోవాలి. సొంత ప్లాటులో మొరం పోసి చదును చేసుకున్నవాళ్లు తెలుసుకోవలసింది ఇంకొకటుంది. మొరం మట్టి కాదు. చదును చేసేటప్పుడు పైన ఉన్న జానెడు మట్టిని గీకి పక్కన పెట్టించి, పని అయ్యాక మళ్లీ పైన పరిపిస్తే, పదేళ్ల పెంటతో కూడా సంపాదించలేని దాన్ని ఒక్క రోజు జేసీబీ పనితో కాపాడుకున్నట్టు.

చివరగా కొలత. ఏటా పరీక్ష చేయించి అంకె పెరగలేదని నిరాశపడేవాళ్లున్నారు. 0.1 శాతం మార్పుకు పదేళ్లు పట్టే చోట ఏడాది తేడా పరీక్ష పొరపాటులోనే కలిసిపోతుంది. మూడేళ్లకొకసారి, ప్రతిసారీ అదే నెలలో, ఎండాకాలంలో పెంట తోలకముందు, అవే చోట్ల నుంచి, అదే లోతున, అరడజను గుంతల మట్టిని కలిపి ఒక నమూనా తీయాలి. పెంటకుప్ప పోసిన జాగా, గట్టు పక్క, చెట్టు నీడ వదిలేయాలి. ప్రతిసారీ ఒకే ప్రయోగశాలకు, ఉదాహరణకు రాజేంద్రనగర్‌కు, ఇవ్వాలి. ఎక్కడ తవ్వారో ఒక కాగితం మీద చెలక బొమ్మ గీసి, గట్టు నుంచి ఎన్ని అడుగులో రాసుకుని, పట్టాదారు పాసుపుస్తకంలోనే దాచుకోండి.